బండి సస్పెన్షన్ ఎత్తు పెంచి పెద్ద టైర్లు వేసుకోవడం ఎలా: కొలతల నుంచి చివరి బిగింపు దాకా

“రెండు అంగుళాల లిఫ్ట్ వేయించాను, ఇప్పుడు ఏ సైజు టైరు పడుతుంది?” అని చాలామంది అడుగుతుంటారు. అక్కడే వరస తప్పుతోంది. ముందు టైరు తేలాలి. ఆ టైరు లోపల తిరగడానికి ఎంత చోటు కావాలో దాన్నిబట్టి ఎత్తు తేలాలి. ఆ ఎత్తు వల్ల మిగతా భాగాల్లో ఏవేవి మారతాయో చూసుకున్నాకే కిట్ కొనాలి.

బోల్టులు విప్పడం, బిగించడం ఓపిక ఉన్నవాళ్లెవరైనా నేర్చుకోగలరు. బండి పాడయ్యేది కొలవకుండా కొన్నప్పుడు, తప్పు క్రమంలో బిగించినప్పుడు. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు కొలతలకూ క్రమానికీ ఇస్తున్నాను.

## 1. ముందు టైరు తేల్చుకోండి

సస్పెన్షన్ లిఫ్ట్ పైకి లేపేది ఛాసిస్‌ను, దాని మీదున్న బాడీని. సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) బండిలో డిఫరెన్షియల్ (ఆ ఇరుసు మధ్యలో గేర్లుండే గుండ్రటి డబ్బా) ఉన్న ఎత్తులోనే ఉండిపోతుంది. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది) ఉన్న బండిలో కింది ఆర్ముల (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చేతులు) బయటి కొసలూ అంతే. వాటిని నేల నుంచి పైకి లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే. అదీ వ్యాసంలో పెరిగిన దాంట్లో సగమే.

లెక్క ఇలా వేయండి. 265/70 ఆర్17 టైరు తీసుకుందాం. వెడల్పు 265 మి.మీ. పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, అంటే 185.5 మి.మీ. పైనా కిందా కలిపి 371. రిమ్ము 17 అంగుళాలు, అంటే 431.8 మి.మీ. మొత్తం వ్యాసం 802.8 మి.మీ. అదే లెక్కన 285/70 ఆర్17 వ్యాసం 830.8 మి.మీ. వ్యాసంలో తేడా 28 మి.మీ., డిఫరెన్షియల్ కింద దొరికే అదనపు ఎత్తు 14 మి.మీ.

ఇదే తేడా స్పీడోమీటర్‌లోనూ కనబడుతుంది. చక్రం ఒక్కో చుట్టుకు దాదాపు 3.5 శాతం ఎక్కువ దూరం పోతుంది. మీటరు ఇదివరకు సరిగ్గా చూపిస్తున్నదైతే, ఇప్పుడు 100 చూపించేటప్పుడు బండి 103.5 వేగంతో పోతున్నట్టు. గేరింగ్ కూడా అంతే మేరకు బరువెక్కుతుంది. ఫైనల్ డ్రైవ్ (డిఫరెన్షియల్ గేర్ల రేషియో) 4.10 అయితే ఇంజనుకు అది 3.96లా అనిపిస్తుంది. ఈ మాత్రం తేడాను చాలా బండ్లు తట్టుకుంటాయి. అదే 315/70 ఆర్17కి వెళితే వ్యాసం 872.8 మి.మీ. అవుతుంది, 4.10 కాస్తా 3.77 అవుతుంది. అప్పుడు ఎత్తుల మీద బండి ఈడుస్తుంది, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే ఊరికే గేర్లు మార్చుకుంటూ వేడెక్కుతుంది. ఆ సైజు కావాలంటే డిఫరెన్షియల్ గేర్లు మార్చే ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోవాలి. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ముందూ వెనకా రెండూ ఒకే రేషియోకి మారాలి.

నా మటుకు నేను మొదటిసారి చేసేవాళ్లకు కంపెనీ టైరు కంటే ఒక సైజు పెద్దదే చెబుతాను. గేర్లు ముట్టుకోకుండా, రేకు కోయకుండా పని అయిపోతుంది.

టైరు ఖాయం చేసే ముందు చూసుకోవలసినవి:

– లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును చెప్పే అంకె) పాత టైరుకు సమానంగానో, అంతకంటే ఎక్కువగానో ఉండాలి. ఇక్కడ తగ్గడానికి వీల్లేదు.
– కొత్త టైరు వెడల్పుకు మీ రిమ్ము వెడల్పు సరిపోతుందా? ప్రతి టైరుకూ కంపెనీ ఒక పరిధి ఇస్తుంది.
– టైరు బరువెంత? బరువైన టైరును తిప్పడం, ఆపడం, గుంతలో దాన్ని అదుపులో ఉంచడం అన్నీ కష్టమవుతాయి. ఒకే సైజులో తేలికది దొరికితే దాన్నే తీసుకోండి.
– స్టెప్నీ పెట్టే చోట కొత్త సైజు పడుతుందా? నాలుగు కాదు, అయిదు టైర్ల లెక్క వేసుకోండి. ఎప్పుడూ నాలుగు చక్రాలూ లాగే బండిలో వేరే వ్యాసమున్న స్టెప్నీ వేసి దూరం పోతే సెంటర్ డిఫరెన్షియల్ మీద భారం పడుతుంది.

రిమ్ములు కూడా మారుస్తుంటే ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యగీతకూ, హబ్‌కు ఆనే ముఖానికీ మధ్య దూరం) దగ్గర జాగ్రత్త. ఆఫ్‌సెట్ తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది, చూడటానికి బాగుంటుంది. కానీ స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు పెద్ద వలయంలో తిరిగి బంపర్ అంచుకో, మడ్‌గార్డు వెనక భాగానికో తగులుతుంది. బేరింగుల మీదా భారం పెరుగుతుంది. పాత రిమ్ములతో పని జరిగితే వాటినే ఉంచుకోండి.

## 2. ఎంత ఎత్తు, ఏ పద్ధతిలో

రోజూ వాడుతూ అప్పుడప్పుడు దారి లేని చోట్లకు వెళ్లే బండికి 40 నుంచి 50 మి.మీ. ఎత్తు చాలు. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న బండిలో 50 దాటితే డ్రైవ్ షాఫ్ట్ కీళ్లు, బాల్ జాయింట్లు వంకర కోణంలో పనిచేయాల్సి వస్తుంది, మార్చాల్సిన భాగాల జాబితా పెరుగుతూ పోతుంది. బండి గురుత్వ కేంద్రం కూడా పైకి పోతుంది. మలుపుల్లో, పక్కవాలు నేలమీద బండి ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. పైన క్యారియర్‌లో సామాను వేసేవాళ్లు ఇది రెండింతలు ఆలోచించాలి.

పద్ధతులు ఇవి:

స్పేసర్లు. స్ప్రింగ్ పైనో స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) పైనో పెట్టే దిమ్మలు. చవక. స్ప్రింగ్, షాక్ పాతవే కాబట్టి బండి నడక దాదాపు పాతలాగే ఉంటుంది. కానీ స్ప్రింగ్ పైన పెడితే చక్రం కిందికి సాగే జాగా తగ్గిపోతుంది. ఒక ముఖ్యమైన సంగతి: ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో స్ట్రట్ తల మీద పెట్టిన స్పేసర్ మందం, బండి లేచే ఎత్తు ఒకటి కావు. స్ట్రట్ కింది ఆర్ము మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది గనక 25 మి.మీ. స్పేసర్ బండిని దాదాపు రెట్టింపు లేపవచ్చు. ఈ తేడా తెలియక మందపాటిది కొని డ్రైవ్ షాఫ్ట్ కీళ్లు పాడుచేసుకునేవాళ్లున్నారు.

కొత్త స్ప్రింగులు, కొత్త షాక్‌లు. నేను సిఫారసు చేసేది ఇదే. బండి మీద మీరు శాశ్వతంగా మోసే బరువును బట్టి స్ప్రింగ్ ఎంచుకోవాలి. స్టీల్ బంపర్, వించ్ లేని బండికి వాటి కోసం చేసిన గట్టి స్ప్రింగ్ వేస్తే ముందు భాగం చెప్పిన దానికంటే ఎక్కువ లేచి, గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంది.

కమాన్ కట్టలు. వెనక కమాన్ కట్టలున్న బండికి పూర్తి కొత్త కట్ట వేయడం మంచి పని. పాత కట్టలో ఒక పట్టీ కలపడం మధ్యరకం. పొడవైన షాకిళ్లు (కట్ట కొసను ఛాసిస్‌కు వేలాడదీసే పట్టీలు) వేస్తే, షాకిల్ పెరిగిన పొడవులో సగమే ఎత్తు వస్తుంది, యాక్సిల్ కోణం కూడా మారుతుంది. వెనక యాక్సిల్‌కు, కట్టకు మధ్య దిమ్మ పెట్టడం చాలా బండ్లలో చూస్తాం. ముందు యాక్సిల్‌కు మాత్రం ఆ దిమ్మ ఎప్పుడూ పెట్టకండి. బ్రేకు వేసినప్పుడు కట్ట మెలి తిరుగుతుంది, దిమ్మ జారితే స్టీరింగ్ చేతిలో ఉండదు.

టార్షన్ బార్ (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ) తిప్పడం. అడ్జస్టింగ్ బోల్టు బిగిస్తే ఎత్తు లేస్తుంది. అంతే ఎత్తు కిందికి సాగే జాగాలోంచి పోతుంది. 25 మి.మీ. లోపు సవరణకు పరవాలేదు.

కొనేముందు మీ ప్రాంతంలో బండి ఎత్తు, టైరు సైజు మార్చడానికి ఏ అనుమతి కావాలో, బీమా కంపెనీకి తెలియజేయాలో కనుక్కోండి. చెప్పకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా చిక్కుల్లో పడొచ్చు.

## 3. ఎత్తుతో పాటు కదిలే భాగాలు

కిట్ పెట్టెలో స్ప్రింగులు, షాక్‌లు ఉంటాయి. మిగతావి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఈ జాబితా చేతిలో పెట్టుకుని బండి కింద దూరి ఒక్కొక్కటీ చూడండి.

– బ్రేక్ హోసులు: చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కూడా కొంత వదులు మిగలాలి. బిగుసుకుపోతే పొడవైనవి వేయాలి, లేదా హోసు బ్రాకెట్ కిందికి దించాలి.
– ఏబీఎస్ సెన్సర్ వైరు, డిఫరెన్షియల్ గాలి గొట్టం: ఇవీ అంతే.
– స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) లింకులు: పొడవైనవి అవసరమవుతాయి, లేకపోతే బార్ వంకర కోణంలో పడి తిరగబడవచ్చు.
– పాన్‌హార్డ్ రాడ్డు (యాక్సిల్ పక్కలకు జరగకుండా పట్టే కడ్డీ): సాలిడ్ యాక్సిల్, కాయిల్ స్ప్రింగులు ఉన్న బండి లేవగానే ఈ రాడ్డు ఏటవాలై, యాక్సిల్‌ను తన ఛాసిస్ మౌంటు వైపుకు లాగేస్తుంది. వెనకనుంచి చూస్తే ఒక చక్రం బయటికి, ఒకటి లోపలికి ఉన్నట్టుంటుంది. సర్దుబాటు చేసుకునే రాడ్డుతో మధ్యకు తేవాలి.
– స్టీరింగ్ డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం వైపు పోయే కడ్డీ): దీని వాలు, ముందు పాన్‌హార్డ్ రాడ్డు వాలు ఒకేలా ఉండాలి. ఒకదాన్ని దించి రెండోదాన్ని వదిలేస్తే ప్రతి గతుక్కూ స్టీరింగ్ దానంతటదే పక్కకు లాగుతుంది.
– క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం): సాలిడ్ యాక్సిల్ ముందు భాగం లేస్తే క్యాస్టర్ తగ్గి, నేరుగా పోయే గుణం పోతుంది. క్యాస్టర్ బుష్‌లో, సవరించిన ఆర్ములో అవసరమవుతాయి.
– ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం: రెండు చివర్లా ఒక్కో యూనివర్సల్ జాయింట్ ఉంటే పీనియన్ (డిఫరెన్షియల్‌లోకి పోయే గేరు షాఫ్టు), ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక ఇరుసులకు శక్తి పంచే గేర్ల పెట్టె) షాఫ్ట్ సమాంతరంగా ఉండాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర జంట జాయింట్ ఉంటే పీనియన్ దాదాపు షాఫ్ట్‌కు తిన్నగా చూడాలి.
– బంప్ స్టాపులు (సస్పెన్షన్ అతిగా నొక్కుకోకుండా ఆపే రబ్బరు దిమ్మలు): షాక్ పూర్తిగా లోపలికి దిగే ముందే, టైరు బాడీకి తగిలే ముందే ఇవి ఆనాలి. పొడవైన షాక్ మూసుకున్నప్పుడు కూడా పొడవే, కాబట్టి చాలాసార్లు స్టాపుల ఎత్తు పెంచాలి.

అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసేది వెనక బ్రేకు లోడ్ సెన్సింగ్ వాల్వు. కొన్ని పికప్‌లలో, పెద్ద బండ్లలో ఛాసిస్ మీద ఒక వాల్వు, అక్కడినుంచి యాక్సిల్‌కు ఒక సన్నటి కడ్డీ ఉంటాయి. ఛాసిస్ కిందికి కుంగితే బరువు పడిందని అది వెనక బ్రేకుకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. మీరు బండిని లేపగానే అది బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. పైగా పెద్ద టైర్లు. కడ్డీ బ్రాకెట్‌ను లిఫ్ట్ ఎంతో అంత ఎత్తుకు మార్చడం దీనికి మందు. మీ బండికి ఈ వాల్వు ఉంటే ఆ బ్రాకెట్ చేతికి వచ్చేదాకా పని మొదలుపెట్టకండి.

## 4. పని మొదలుపెట్టే ముందు రోజు

బోల్టులన్నిటినీ వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, తుప్పు వదిలే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. పాత బండి అయితే రెండు మూడు రోజుల ముందునుంచే కొడుతుండండి.

కిట్‌లోని భాగాలన్నీ నేలమీద పరచి, బండి మీద ఎక్కడుంటాయో ఆ క్రమంలో పెట్టండి. స్ప్రింగుల మీద నంబర్లు చూడండి. కొన్ని కిట్లలో ఎడమ, కుడి స్ప్రింగులు వేరువేరుగా ఉంటాయి. కమాన్ కట్టలో మధ్య బోల్టు సరిగ్గా మధ్యలో ఉండకపోవచ్చు, ఏ కొస ముందుకో గుర్తు పెట్టుకోండి.

బండిని చదునైన నేలమీద నిలబెట్టి, నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్యనుంచి మడ్‌గార్డు అంచు దాకా నిలువుగా కొలిచి రాసుకోండి. టైరు గాలితో, సైజుతో సంబంధం లేకుండా నిజంగా ఎంత లేచిందో చెప్పేది ఈ కొలతే. స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడు ఒక ఫొటో, హోసులు వైర్లు పోయే దారుల ఫొటోలు కూడా తీసుకోండి.

అరిగిన బాల్ జాయింట్లు, టై రాడ్ కొసలు, బుష్‌లు ఇప్పుడే మార్చేయండి. కొత్త ఎత్తు, కొత్త టైరు బరువు వాటిని ఎలాగూ బతకనివ్వవు.

చేతికి అందుబాటులో ఉండాల్సినవి:

– బండి బరువుకు సరిపడే ట్రాలీ జాక్, నాలుగు జాక్ స్టాండ్లు, యాక్సిల్ కింద పెట్టడానికి ఇంకో జాక్
– చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మలు
– టార్క్ రెంచ్ (నట్టును చెప్పినంత బలంతో, అంటే చెప్పిన టార్క్‌కు బిగించేది), పొడవైన రాడ్డు, సాకెట్లు
– స్ప్రింగ్ కంప్రెసర్, బాల్ జాయింట్ విడదీసే పరికరం
– కొత్త యూ బోల్టులు, స్ప్లిట్ పిన్నులు, కంపెనీ ఒకేసారి వాడమని చెప్పిన నట్లన్నీ
– మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్‌లోని టార్క్ పట్టిక, కిట్‌తో వచ్చిన కాగితం
– పెయింట్ మార్కర్, గట్టి తీగ, కళ్లద్దాలు

## 5. బండిని నిలబెట్టడం

గట్టి నేల, సమతలం. అవతలి చక్రాలకు రెండు వైపులా దిమ్మలు. చక్రం నట్లు నేలమీద ఉండగానే కొద్దిగా సడలించండి. ఛాసిస్‌ను జాక్‌తో లేపి స్టాండ్ల మీదికి దించి, కిందికి దూరే ముందు బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. జాక్ ఒక్కదాని మీద నిలిచిన బండి కిందికి తల పెట్టొద్దు.

గుర్తుంచుకోండి, వెనక చక్రాలు లేపితే హ్యాండ్ బ్రేకు, గేరు బండిని ఆపవు.

## 6. వెనక భాగం

వెనకనుంచి మొదలుపెట్టడం మంచిది. పని సులువు, చేతికి అలవాటవుతుంది.

కాయిల్ స్ప్రింగులైతే: యాక్సిల్ కింద జాక్ పెట్టి బరువు పట్టుకోండి. స్టెబిలైజర్ లింకులు, బ్రేక్ హోసు బ్రాకెట్టు, వాల్వు కడ్డీ, రెండు షాక్‌ల కింది బోల్టులు విప్పండి. యాక్సిల్‌ను మెల్లగా దించండి. దించుతున్నంత సేపూ ఒక కన్ను హోసు మీద, ఏబీఎస్ వైరు మీద ఉండాలి. యాక్సిల్ ఎప్పుడూ హోసుకు వేలాడకూడదు. పాత స్ప్రింగ్ తీసి, రబ్బరు సీటు శుభ్రం చేసి, కొత్త స్ప్రింగ్ చివరి చుట్టు సీటులోని గాడిలో సరిగ్గా కూర్చునేలా తిప్పి పెట్టండి. ఆ కొస గాడిలో పడకపోతే ఆ వైపు ఎత్తు తప్పుతుంది, నడిచేటప్పుడు టక్కుమని చప్పుడొస్తుంది.

కమాన్ కట్టలైతే ఒక వైపు పూర్తిచేశాకే రెండో వైపు ముట్టుకోండి. రెండూ ఒకేసారి విప్పితే యాక్సిల్ తిరిగిపోతుంది.

1. యాక్సిల్ కింద జాక్ ఆనించి, షాక్, యూ బోల్టులు తీయండి.
2. షాకిల్ బోల్టు, తర్వాత ముందు కన్ను బోల్టు తీసి కట్ట దించండి. ఇద్దరు మనుషులు కావాలి.
3. కొత్త కట్ట ముందు కన్ను ముందుగా, తర్వాత షాకిల్. నట్లు చేత్తో పెట్టి వదిలేయండి, బిగించొద్దు.
4. యాక్సిల్‌ను లేపి, మధ్య బోల్టు తల యాక్సిల్ సీటు రంధ్రంలో పూర్తిగా దిగిందని చూసుకోండి.
5. కొత్త యూ బోల్టులు వేసి, ఎదురెదురు మూలల క్రమంలో, మూడు నాలుగు విడతలుగా టార్క్‌కు తేండి. నాలుగు నట్ల కింద బయటికొచ్చిన మరలు సమానంగా ఉండాలి. పాత యూ బోల్టులు సాగి ఉంటాయి, మళ్లీ వాడొద్దు.

## 7. ముందు భాగం

ఇక్కడ సాలిడ్ యాక్సిల్ పని వెనక కాయిల్ పనిలాగే ఉంటుంది. పాన్‌హార్డ్ రాడ్డు, క్యాస్టర్ సవరణ అదనం. ఎక్కువ బండ్లలో ఉండేది పై ఆర్ము, కింది ఆర్ము, మధ్యలో స్ట్రట్. దాని క్రమం ఇది.

1. రెండు వైపులా స్టెబిలైజర్ లింకులు ముందే విప్పండి. ఒకటే విప్పితే బార్ ఇంకో వైపునుంచి ఆర్మును తన్నుతుంది.
2. ఏబీఎస్ వైరు, బ్రేక్ హోసు బ్రాకెట్లు నకుల్ (హబ్‌ను పట్టుకుని ఉండే భాగం) నుంచి విడదీయండి.
3. కింది ఆర్ము కింద జాక్ పెట్టండి. పై బాల్ జాయింట్ నట్టు కొద్దిగా సడలించి, పూర్తిగా తీయకుండానే పరికరంతో జాయింట్ విడదీయండి. నట్టు ఉంటే నకుల్ ఒక్కసారిగా ఊడిపడదు.
4. నట్టు తీశాక నకుల్‌ను తీగతో పై ఆర్ముకు వదులుగా కట్టేయండి. అది బయటికి వాలితే డ్రైవ్ షాఫ్ట్ లోపలి కీలు విడిపోతుంది.
5. స్ట్రట్ కింది బోల్టు, పైనున్న చిన్న నట్లు తీయండి. మధ్యలోని పెద్ద నట్టును తాకొద్దు. నొక్కి ఉన్న స్ప్రింగ్ బలమంతా దాని మీదే ఉంది.
6. స్ట్రట్‌ను బయటికి తీయండి.

పూర్తి స్పేసర్ అయితే ఇక్కడే స్ట్రట్ తల మీద పెట్టేసి వెనక్కి బిగించుకోవచ్చు. స్ప్రింగ్ మార్చాలంటే కంప్రెసర్ కావాలి. విప్పే ముందు పై ప్లేటు బోల్టులు, కింది కన్ను ఏ కోణంలో ఉన్నాయో పెయింట్‌తో గీత గీయండి. ఆ కోణం తప్పితే స్ట్రట్ వెనక్కి ఎక్కదు. కంప్రెసర్ కొక్కేలు ఎదురెదురుగా పెట్టి, రెండు వైపులా సమానంగా తిప్పుతూ, స్ప్రింగ్ సీటు మీద వదులయ్యాకే మధ్య నట్టు విప్పాలి. ముఖం ఎప్పుడూ స్ట్రట్ చివరకు ఎదురుగా ఉండకూడదు. కొత్త లిఫ్ట్ స్ప్రింగులు పాతవాటికంటే పొడవుగా, గట్టిగా ఉంటాయి, అరువు తెచ్చిన పాత కంప్రెసర్ వాటికి ఆగకపోవచ్చు. గోడకు బిగించే ప్రెస్సు ఉన్న చోటికి స్ట్రట్లు తీసుకెళ్లి ఆ ఒక్క పనీ చేయించుకోవడం తెలివైన పని. ఈ గైడులో ప్రాణం మీదికి తెచ్చే మెట్లలో ఇదొకటి.

తిరిగి పెట్టేటప్పుడు పై నట్లు చేత్తో, కింది బోల్టు వదులుగా, బాల్ జాయింట్ నట్టు టార్క్‌కు, కొత్త స్ప్లిట్ పిన్ను. పిన్ను రంధ్రం కలవకపోతే నట్టును ఇంకాస్త బిగించి కలపాలి, వెనక్కి సడలించి కాదు.

## 8. బుష్‌ల బోల్టులు ఎప్పుడు బిగించాలి

చక్రాలు వేలాడుతుండగా ఆర్ముల బోల్టులు, కమాన్ కన్ను బోల్టులు, షాక్ కింది బోల్టులు పూర్తిగా బిగించడం ఎక్కువ చోట్ల కనిపించే తప్పు. రబ్బరు బుష్ తిరిగేది కాదు, మెలిపడేది. దాని లోపలి గొట్టం బోల్టు బిగింపుతో కదలకుండా పట్టుకుపోతుంది. వేలాడే కోణంలో బిగిస్తే, బండి నేలకు దిగగానే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. బండి ఎత్తు తప్పు చూపిస్తుంది, నడక బిగుసుగా ఉంటుంది, కొన్ని నెలల్లో బుష్ చిరిగిపోతుంది.

సరైన పద్ధతి: అన్నీ వదులుగా ఉంచి, చక్రాలు వేసి, బండిని నేలకు దించండి. బంపర్లు నొక్కి నాలుగైదుసార్లు ఊపండి, కాస్త ముందుకూ వెనక్కూ నడపండి. బరువు చక్రాల మీద ఉండగా ఒక్కో బోల్టునూ టార్క్‌కు తెచ్చి, తెచ్చినదాని మీద పెయింట్ చుక్క పెట్టండి. చుక్క లేని బోల్టుతో బండి గేటు దాటకూడదు.

## 9. టైర్లు వేసి రాపిడి చూడటం

హబ్ ముఖం మీద తుప్పు గోకేసి రిమ్ము పెట్టండి. నట్లు నక్షత్రం క్రమంలో, రెండు విడతలుగా బిగించండి. స్టడ్ మరలకు నూనె, గ్రీజు రాయొద్దు, అదే టార్క్‌లో బిగింపు అతిగా పడి స్టడ్ సాగుతుంది.

నిలబెట్టిన చోట స్టీరింగ్ రెండు వైపులా తిప్పి “ఎక్కడా తగలడం లేదు” అనుకుంటే పని సగమే అయినట్టు. టైరు తగిలేది సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుని, స్టీరింగ్ కూడా తిరిగి ఉన్నప్పుడు. నమ్మకమైన పరీక్ష స్ప్రింగ్ బయట ఉండగానే చేసేది. స్ప్రింగ్ లేకుండా షాక్ మాత్రం పెట్టి, చక్రం వేసి, యాక్సిల్‌నో కింది ఆర్మునో జాక్‌తో బంప్ స్టాప్ దాకా లేపండి. ఆ ఎత్తులో స్టీరింగ్ ఒక కొసనుంచి ఇంకో కొసకు తిప్పండి. తర్వాత పూర్తిగా దించి హోసులు, వైర్లు చూడండి. అది కుదరకపోతే ఒక చక్రాన్ని ర్యాంపు మీదికి ఎక్కించి చూడండి.

చూడాల్సిన చోట్లు: మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్, దాని వెనక రేకు అతుకు అంచు, బంపర్ కొస, పై ఆర్ము, స్టెబిలైజర్ బార్, వెనక వైపు లోపలి గోడ. అన్ని చోట్లా కనీసం 15 మి.మీ. ఖాళీ ఉండేలా చూసుకోండి, బురద పట్టిన టైరు లావవుతుంది.

తగులుతుంటే ఈ వరసలో వెళ్లండి, చిన్న మందు ముందు:

1. మడ్ ఫ్లాప్ తీయడం, ప్లాస్టిక్ లైనర్‌ను వేడిచేసి వెనక్కి నొక్కడం లేదా కత్తిరించడం.
2. అలైన్‌మెంట్‌లో క్యాస్టర్ పెంచడం. చాలా ఇండిపెండెంట్ సస్పెన్షన్లలో దీంతో చక్రం కాస్త ముందుకు జరుగుతుంది, వెనక రాపిడి తగ్గుతుంది.
3. బంప్ స్టాప్ ఎత్తు పెంచడం.
4. స్టీరింగ్ స్టాప్ బోల్టు బయటికి తిప్పడం. బండి తిరిగే వలయం పెద్దదవుతుందని తెలిసి చేయండి.
5. రేకు అతుకు అంచును సుత్తితో మడిచి, సీలెంటు, పెయింటు వేయడం.

బాడీ మౌంటు, ఛాసిస్ కోయాల్సి వస్తే ఆ టైరు మీ బండికి పెద్దదని అర్థం. చిన్న సైజుకు దిగండి.

## 10. రోడ్డెక్కే ముందు

– వీల్ అలైన్‌మెంట్: క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం వాలు), క్యాస్టర్, టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు కొసల మళ్లింపు) మూడూ. బండిలో మామూలుగా ఉండే సామాను పెట్టి చేయించండి. కుదిరినంత క్యాస్టర్ అడగండి. స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ సున్నాకు తేవాలి, లేకపోతే స్టెబిలిటీ కంట్రోల్ పొరపాటుగా బ్రేకు వేస్తుంది.
– హెడ్‌లైట్లు దించండి. ముందు భాగం ఎక్కువ లేచి ఉంటే ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది.
– ముందు రాడార్, కెమెరా ఉన్న బండికి కాలిబ్రేషన్ తప్పనిసరి.
– స్పీడోమీటర్ సరిచేయించండి, లేదా జీపీఎస్‌తో పోల్చి తేడా రాసిపెట్టుకోండి.
– టైరు గాలి: తలుపు దగ్గరి స్టిక్కర్ పాత టైరుది. లైట్ ట్రక్ రకం టైరుకు అదే బరువు మోయడానికి ఎక్కువ గాలి కావాలి. టైరు కంపెనీ లోడ్ పట్టిక చూసి, టైరు చల్లగా ఉన్నప్పుడు నింపండి.
– ఖాళీ చోట తక్కువ వేగంలో గట్టిగా బ్రేకు వేసి చూడండి. ఆగే దూరం పెరిగి ఉంటుంది, కాలికి అలవాటయ్యేదాకా ముందు బండికి ఎడం పెంచండి.

## 11. తర్వాత వచ్చే ఇబ్బందులు

బండి ఒక పక్కకు లాగుతోంది. ముందు టైర్లు అటూ ఇటూ మార్చండి. లాగే వైపు మారితే లోపం టైరుది. మారకపోతే రెండు వైపుల క్యాస్టర్ తేడా చూడండి.

వేగం ఎక్కాక వణుకు. స్టీరింగ్‌లో వణికితే బ్యాలెన్సింగ్. సీటు కింద, యాక్సిలరేటర్ నొక్కినప్పుడు పెరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం. కమాన్ కట్టలున్న చోట ఏటవాలు దిమ్మతో పీనియన్ సరిచేయవచ్చు.

గతుకు దాటగానే స్టీరింగ్ విపరీతంగా ఊగుతోంది. సాలిడ్ యాక్సిల్ బండ్ల జబ్బు ఇది. వెంటనే వేగం తగ్గించి ఆపండి. పాన్‌హార్డ్ రాడ్డు బోల్టు వదులు, దాని రంధ్రం సాగడం, టై రాడ్ కొసలు, తగ్గిన క్యాస్టర్, బ్యాలెన్సింగ్, ఈ క్రమంలో వెతకండి. స్టీరింగ్ డ్యాంపర్ వేసి దాచేయొద్దు, అసలు లోపం లోపలే పెరుగుతుంది.

టక్ టక్ చప్పుడు. షాక్ బోల్టులు, స్టెబిలైజర్ లింకులు, స్ట్రట్ పై నట్లు. కిందికి సాగినప్పుడే వస్తుంటే పై ఆర్ము స్ప్రింగ్‌కో బంప్ స్టాప్‌కో తగులుతోంది. సవరించిన పై ఆర్ము వేయాలి, లేదా ఎత్తు తగ్గించాలి.

డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూటు నుంచి గ్రీజు. కోణం ఎక్కువైంది. ఎత్తు తగ్గించడం మేలు. డిఫరెన్షియల్ దించే కిట్ కొంత ఉపశమనం ఇస్తుంది.

ఏబీఎస్ లైటు. వైరు లాగుకుపోయి ఉంటుంది, లేదా సెన్సర్ కొస మీద ఇనుప ధూళి పట్టి ఉంటుంది.

## 12. మొదటి వెయ్యి కిలోమీటర్లు

– 80 నుంచి 100 కి.మీ. దగ్గర: చక్రం నట్లు, యూ బోల్టులు మళ్లీ టార్క్.
– 500 కి.మీ. దగ్గర: అన్ని సస్పెన్షన్ బోల్టులు, పెయింట్ గీతలు జరిగాయేమో చూడటం, హోసుల మీద రాపిడి గుర్తులు.
– 1000 కి.మీ. దగ్గర: నాలుగు మూలలా హబ్ నుంచి మడ్‌గార్డు కొలత మళ్లీ తీసుకుని పాత కాగితంతో పోల్చండి. కొత్త స్ప్రింగులు కొద్దిగా కుదురుకుంటాయి, అందుకే అలైన్‌మెంట్ మరోసారి. ఎడమ కుడి తేడా 10 మి.మీ. దాటితే స్ప్రింగ్ సీటు, బుష్ బిగింపు తిరిగి చూడండి.
– ఆ తర్వాత ప్రతి బురద ప్రయాణం అయ్యాక కడిగి, బండి కింద ఒకసారి టార్చితో వెతకండి. టైర్ల స్థానాలు 8000 కి.మీ. లోపే ఒకసారి మార్చి వేయండి, స్టెప్నీని కూడా ఆ వరసలో కలపండి, అయిదూ సమానంగా అరుగుతాయి.